బీడు భూమి, ముళ్ళకంప, స్త్రీల చేతికి సరిపోయే పనిముట్టు

(భూమి హక్కులపై మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను స్త్రీలు - భూమి హక్కు అనే విషయం మీద మాట్లాడమన్నారు. నిన్నటి నుంచి ఇక్కడ వారసత్వ చట్టం గురించీ, ఉమ్మడి పట్టా గురించీ, రెవిన్యూ రికార్డుల్లో పేర్ల గురించీ మంచి చర్చ జరిగింది. అయితే ఆ చర్చంతా కాగితం మీద స్త్రీ పేరు ఎక్కేదాకా వచ్చి అక్కడ ఆగుతోంది. కాగితం చేతికొచ్చాక ఆమె ఆ భూమి చూసుకోవడానికి వెళుతుంది గదా, అక్కడ ఆమెకు కనబడేదేమిటి? చాలా చోట్ల మనిషి దూరడానికి సందులేని కంప. అందుకని నేనివాళ గొడ్డళ్ళ గురించి, గడ్డపారల గురించి, బ్రష్ కట్టర్ల గురించి మాట్లాడదలచుకున్నాను. ఇది వ్యవసాయశాఖ వాళ్ళు చెప్పాల్సిన విషయం గదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. వాళ్ళు చెబుతూనే ఉన్నారు. కాకపోతే వాళ్ళు చెప్పేటప్పుడు ఎదురుగా కుర్చీల్లో కూర్చుని వినేది మగవాళ్ళు.

ముందు చట్టం సంగతి. ప్రభుత్వం పేదలకిచ్చే అసైన్డు భూమికి షరతులుంటాయి. 1977 చట్టం పెట్టిన బదిలీ నిషేధం గురించి మనందరికీ తెలుసు, దాని మీద ఎన్నో కేసులు మనమే నడిపాం. ఇంకో షరతును మనం అంతగా పట్టించుకోలేదు. ఇచ్చిన భూమిని మూడేళ్ళలోగా సాగులోకి తేవాలి. తేకపోతే పట్టా రద్దు చేసే అధికారం రెవిన్యూ వాళ్ళకుంటుంది. పేదలకిచ్చే భూమి ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. గుట్టవార, చెరువు వెనక, రాళ్ళూ రప్పలూ, ఎవరూ అడగని చోటు. అక్కడ కంప కొట్టడానికి స్తోమత లేక మూడేళ్ళు గడిచిపోతే, పక్క చేను ఆసామి ఒక్కో సాలు లోపలికి జరుగుతాడు. ఆ తర్వాత అధికారి వచ్చి చూసి 'సాగులో లేదు' అని రాసుకుపోతాడు. ఆ రెండు ముక్కలతో ఆమె పదేళ్ళ పోరాటం మొదటికొస్తుంది. కనుక కంప కొట్టడమనేది చట్టం ఆమె నెత్తిన పెట్టిన పని. అది చెయ్యడానికి ఆమె చేతికి ఏమిచ్చారు అన్నది నా ప్రశ్న.

ఇది మన దగ్గర కొత్త అనుభవమేమీ కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి 1980లు, 90లలో వేల ఎకరాల బీడును పచ్చజొన్న, కొర్ర, కందుల కిందికి తెచ్చాయి. మహిళా సమత సంఘాలు 2001 తర్వాత 'సమత ధరణి' పేరుతో తెలంగాణ జిల్లాల్లో సమష్టిగా కౌలుకు తీసుకుని సేద్యం చేశాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలు, అదీ స్త్రీల పేరున, అని మొదలుపెట్టింది. ఎంతమందికి అందిందన్నది వేరే చర్చ. ఈ అనుభవాల గురించి రాసిన వాటిలో విత్తనాల గురించి ఉంటుంది, అప్పుల గురించి ఉంటుంది, సంఘంలో తగాదాల గురించి కూడా ఉంటుంది. మొదటి నెల ఆ కంపను దేంతో కొట్టారు, ఎవరి పనిముట్టుతో కొట్టారు, ఎవరికి దెబ్బ తగిలింది అన్నది దాదాపు ఉండదు. మన సామాజిక శాస్త్రానికి పనిముట్టు కనబడదు. స్త్రీ చేతిలో ఉన్న పనిముట్టయితే అసలే కనబడదు.

ఇప్పుడు కంప దగ్గరికి వద్దాం. రేగు, పరికి, తంగేడు, పులికంప, ఇలా చాలా ఉంటాయి కాని, మన బీళ్ళలో అసలు శత్రువు సర్కారు తుమ్మ. పేరులోనే చరిత్ర ఉంది చూడండి. అమెరికా ఖండం చెట్టు ఇది. వంటచెరకు కోసమని 1870ల చివర్లో అప్పటి మద్రాసు అటవీశాఖ జమైకా గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించింది. అంటే మన దేశంలో ఇది మొదట వేళ్ళూనింది మన తెలుగు నేల మీదే. ఆకు పశువు ముట్టదు. కాయ తియ్యగా ఉంటుంది గనక మేకలూ గొర్రెలూ తింటాయి, గింజ అరగక పేడతో వచ్చి కొత్తచోట మొలుస్తుంది. మట్టిలో పడ్డ గింజ ఏళ్ళ తరబడి చావదు. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని నేల మట్టానికి నరికితే చావదు. నేలకు కాస్త కింద, కాండం మొదట్లో నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన నరికితే అవన్నీ లేస్తాయి. ఒక్క కాండం ఉన్నచోట పదిహేను కొమ్మల పొద తయారవుతుంది. పోయినేడు కొట్టాం, ఈ ఏడు అంతకంటే ఎక్కువైంది అని సంఘం వాళ్ళు అనడం మీరంతా వినే ఉంటారు. అందులో వాళ్ళ బద్ధకమేమీ లేదు. నరికే పనిముట్టు ఇచ్చారు, పెకలించే పనిముట్టు ఇవ్వలేదు.

కాబట్టి ఏ మిషను కొనాలని అడిగేముందు నేల మీద నడవాలి. సంఘంలో నలుగురు ఆడవాళ్ళు, ఒక తాడు, ఒక నోటుపుస్తకం చాలు. ఎకరంలో మూడు నాలుగు చోట్ల పది అడుగుల చదరం తాడుతో గుర్తుపెట్టి, అందులో వేలిమందం కాండాలెన్ని, మణికట్టు మందానివెన్ని, తొడ మందానివెన్ని లెక్కపెట్టండి. రాళ్ళు పైకి తేలి ఉన్నాయా, గోతులున్నాయా, పాడుబడ్డ బావి ఉందా చూడండి. పొదలో కనబడని దిగుడుబావి అంత ప్రమాదం ఇంకోటి లేదు, మనుషులకైనా ట్రాక్టరుకైనా. పాత తీగలు, ఇనుప కంచె ముక్కలు ఉంటే రాసుకోండి. వేప, కానుగ, చింత, మంచి రేగు ఉంటే వాటికి గుడ్డ కట్టి వదిలెయ్యండి. అడవి హద్దును ఆనుకున్న భూమైతే ఆ వైపు కత్తి పెట్టకముందే కాగితాలు చూసుకోండి. ఈ పనికి ఒక పూట చాలు. ఆ పూట లేకుండా కొన్న పనిముట్లే చాలా సంఘాల గదుల్లో మూలన పడి ఉన్నాయి.

ఇంకోమాట. మొదట హద్దు వెంట కొట్టించండి, నడిమధ్య తర్వాత చూసుకోవచ్చు. ఒక మనిషి గొలుసు పట్టుకుని నడిచేంత వెడల్పు, చుట్టూ. హద్దురాళ్ళు కనబడకపోతే సర్వేయరు కొలవడు, కంప తీసి పెట్టుకుని కబురు చెయ్యండమ్మా అని వెళ్ళిపోతాడు. వ్యవసాయం వాళ్ళెవరూ ఈ వరస చెప్పరు, వాళ్ళకు పంట ముఖ్యం. మనకు ఆ కొలత ముఖ్యం.

చేతి పనిముట్ల గురించి కొంచెం వివరంగా మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడే అసలు పితృస్వామ్యం ఇనుపముక్కలో దాక్కుని ఉంది. మన ఊళ్ళలో కొడవలి ఆడవాళ్ళది, గొడ్డలి మగవాళ్ళది. నాగలి ముట్టుకోకూడదన్నంత కట్టుబాటు గొడ్డలికి లేకపోయినా, కంప పనిలో వాటా మాత్రం స్పష్టంగానే ఉంటుంది. మగవాడు నరుకుతాడు. నరికిన ముళ్ళకంపను పంగలకర్రతో లాగి కుప్పవేసేది, ఎత్తేది, మోసేది ఆడమనిషి. నరకడం 'బరువు పని' అని ఆయనకు ఎక్కువ కూలి. లాగడం 'తేలిక పని' అని ఈమెకు తక్కువ కూలి. ముల్లు ఎవరికి గుచ్చుకుంటుందో మీరే ఆలోచించండి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పులోంచి దిగుతుంది, ట్రాక్టరు టైరులోంచి దిగుతుంది. లోపల విరిగిందంటే కాలు వాచి చీము పడుతుంది, వారం పది రోజులు కూలి పోతుంది. ఆ పోయిన కూలి ఏ లెక్కలోకీ రాదు.

అందుకని సంఘాలకు నేను చెప్పేది, నరికే పనిముట్టును ముందు స్త్రీల కొలతకు చేయించండి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ వాళ్ళు మన దేశపు వ్యవసాయ కార్మికుల శరీర కొలతలు సేకరించారు. స్త్రీ సగటు ఎత్తు మగవాడి కంటే పది సెంటీమీటర్లు తక్కువ, కండబలం మూడింట రెండు వంతులు. బజారులో దొరికే గొడ్డలీ, గడ్డపారా ఎవరి కొలతకు చేశారో వేరే చెప్పనక్కర్లేదు. ఐదడుగుల గడ్డపార, అంగుళం మందానిది, దాదాపు ఆరు కిలోలు తూగుతుంది. నాలుగడుగులదైతే కిలోకు పైగా తగ్గుతుంది. రోజుకు కొన్ని వందలసార్లు ఎత్తి దించే వస్తువులో ఒక కిలో అంటే సాయంత్రానికి ఎంతవుతుందో లెక్కవేసుకోండి. గొడ్డలి తల కిలో బరువుంటే చాలు. పిడి చుట్టూ చెయ్యి బిగిస్తే బొటనవేలు చూపుడువేలిని తాకాలి, లేకపోతే పట్టు జారుతుంది, మధ్యాహ్నానికి మణికట్టు పోతుంది. ఊరి కమ్మరికి ఈ కొలతలు చెబితే చేసిపెడతాడు. కొత్త ఇనుము కూడా అక్కర్లేదు, లారీ కమాను పట్టీ ముక్కతో చేసిన కత్తి బజారు కత్తి కంటే ఎక్కువకాలం పదును నిలుపుకుంటుంది. నేను చూసిన ఒక సంఘంలో పదకొండు మంది స్త్రీలు కమ్మరి కొలిమి దగ్గరకు వెళ్ళి, ఒక్కొక్కరూ పిడి పట్టి చూసుకుని, తమ తమ ఎత్తుకు పిడి కోయించుకున్నారు. కమ్మరి మొదట నవ్వాడట. రెండోసారి సానపట్టించుకోడానికి వెళ్ళినప్పుడు పనులెలా సాగుతున్నాయని ఆయనే అడిగాడట.

పని రెండు దఫాలుగా చెయ్యాలి. ఎండాకాలం చివర పైకంప కొట్టి కుప్పవెయ్యడం. తొలకరి పడి నేల మెత్తబడ్డాక మోళ్ళ చుట్టూ గడ్డపారతో తవ్వి, జానెడు లోతున వేరు నరకడం. వేలిమందం, మణికట్టు మందం మొక్కలకు ఇది స్త్రీల సంఘం సొంతంగా చేసుకోగల పని. పంగలకర్ర అన్నాను గదా, అది ఆరడుగులు ఉండాలి, మూడడుగుల కర్రతో లాగితే కంప మొహానికొస్తుంది. మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు, తోలు చేతితొడుగులు వీటిని మన ప్రాజెక్టు బడ్జెట్లలో ఎప్పుడూ 'ఇతరములు' కింద రాసి, డబ్బు తగ్గినప్పుడు ముందు వాటినే కొట్టేస్తారు. రక్తపింజరి పొద కింద ఎండుటాకుల్లో పడుకుంటుంది. కాబట్టి బూటు కూడా పనిముట్టే. పని మొదలుపెట్టేముందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉంటుందో, అక్కడికి తీసుకెళ్ళే బండి ఎవరిదో కనుక్కుని నోటుపుస్తకంలో రాసుకోండి. మందు లేని ఆసుపత్రికి వెళ్ళి తిరిగే గంట చాలా విలువైనది.

ఇక బ్రష్ కట్టర్. ఇప్పుడు ఏ మండలంలో చూసినా డీలర్లు దీన్ని చూపిస్తున్నారు. చిన్న పెట్రోలు ఇంజను, పొడుగాటి గొట్టం, చివర తిరిగే బ్లేడు. దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇది మంచి యంత్రమే, కాని సర్కారు తుమ్మ పాత పొదకు ఇది మందు కాదు. గడ్డికి నైలాన్ తీగ, చిక్కటి గడ్డికీ వేలిమందం లేత కంపకూ మూడు పళ్ళ ఉక్కు బ్లేడు, అంతకంటే లావుకు రంపం పళ్ళ గుండ్రటి బ్లేడు వాడతారు. ముప్ఫై ఐదు సీసీ ఇంజనుతో మణికట్టు మందం కాండాలు రోజంతా కొయ్యాలని చూస్తే మిషనూ పోతుంది, మనిషీ పోతుంది. పైగా అది కోసేది నేల పైన. వేరు మొగ్గలు అలాగే ఉంటాయి. కొత్త భూమి తీయడానికి దాన్ని నమ్ముకోవద్దు. ఒకసారి మోళ్ళు తీసిన భూమిలో రెండో ఏడు, మూడో ఏడు లేచే లేత పిలకలకు, గట్ల మీద గడ్డికి అది చాలా బాగా పనిచేస్తుంది.

డీలరు చెప్పని సంగతులు కొన్ని. బరువు ఏడెనిమిది కిలోల నుంచి పది పైచిలుకు దాకా ఉంటుంది, పెట్రోలు పోస్తే ఇంకొంచెం. భుజానికి పక్కగా తగిలించేది ఒక రకం, వీపున మోసేది ఇంకో రకం. వీపున మోసేది వాలులో, గోతుల్లో తిరగడానికి కొంత నయం గాని, కాలు జారి పడితే వెంటనే విడిపించుకోవడం కష్టం. ఏ రకమైనా బెల్టు మగవాడి భుజాల కొలతకు కుట్టిందే. బెల్టు పూర్తిగా బిగించినా మిషను తొడ కిందికి వేలాడుతుంటే అది ఆ స్త్రీకి సరిపోనట్టే, తీసుకోవద్దు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆ ఆపరేషన్లు ఎందుకు జరిగాయన్నది మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆ నడుములకే పది కిలోలు తగిలించి, అదురుతున్న ఇంజనుతో నాలుగు గంటలు నిలబడమంటున్నాం. సంఘంలో ఎవరు ఆ మిషను పట్టాలో తేల్చేముందు ఈ మాట బయటకు రావాలి. మగవాళ్ళున్న శిక్షణలో అది బయటకు రాదు.

టూ స్ట్రోక్ ఇంజనయితే పెట్రోలులో ఆయిలు కలపాలి. కంపెనీని బట్టి లీటరుకు ఇరవై మిల్లీలీటర్ల నుంచి నలభై దాకా. మిషను పుస్తకంలో ఉన్న లెక్కే కలపాలి. పుస్తకం తెలుగులో లేకపోతే డీలరు చేత తెలుగులో రాయించి సంతకం పెట్టించుకోండి. ఆయిలు కలపకుండా నడిపితే ఇంజను పట్టేస్తుంది, 'ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే' అని ఊరంతా అంటుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు ఈ బాధ లేదు, ఆయిలు విడిగా పోస్తారు, ధర మాత్రం ఎక్కువ. పనిచేసేటప్పుడు చుట్టూ పదిహేను మీటర్లలో మనిషి ఉండకూడదు. అంటే పక్కనే వంగి కంప ఏరే పద్ధతి కుదరదు, ముందు కోత, మిషను ఆపాక ఏరడం. రాయి ఎగిరి వస్తుంది గనక కళ్ళకు అద్దాలు, మొహానికి జాలీ ఉండాలి, చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకోవాలి. బ్లేడు ముందుభాగంలో కుడివైపు గట్టి కాండానికి తగిలితే మిషను ఒక్కసారిగా పక్కకు తంతుంది, ఎప్పుడూ ఎడమ వైపుతోనే కోయాలి. చీరకొంగు ఎగరకుండా పైన మగవాళ్ళ చొక్కా వేసుకోవడం మన కూలి ఆడవాళ్ళకు అలవాటే, దానితోపాటు పాంటు కూడా వేసుకుంటే మంచిది. దీని మీద ఊళ్ళో కామెంట్లు వస్తాయి. రానివ్వండి.

ధర పదివేల లోపు నుంచి నలభైవేల దాకా ఉంది. చవక రకం కొంటే విడిభాగాలు దొరకవు, కార్బురేటరు పోయిందంటే మిషను మూలకే. ఎక్కడ బాగుచేస్తారు, ఆ ఊరికి బస్సు ఉందా అని ముందు అడగండి. కేంద్ర ప్రభుత్వం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో స్త్రీలకు, దళిత ఆదివాసులకు, చిన్న సన్నకారు రైతులకు యాభై శాతం, మిగతావాళ్ళకు నలభై శాతం సబ్సిడీ అన్నారు. వినడానికి బాగుంది. దరఖాస్తుకు పాస్ పుస్తకం అడుగుతారు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం కమతాల్లో స్త్రీల చేతిలో ఉన్నవి దాదాపు 14 శాతం, విస్తీర్ణంలో 12 శాతం లోపు. కౌలు చేసే సంఘాలకు పాస్ పుస్తకం ఎక్కణ్ణుంచి వస్తుంది? కొన్ని ఇళ్ళలో భార్య పేరు రాయించి పది శాతం అదనపు సబ్సిడీ మాత్రం తీసుకున్నారు. మిషను భర్తది, కిరాయి డబ్బు భర్తది. ఆమె పేరు బిల్లు మీద ఉంది. కాబట్టి సంఘం కొంటే సంఘం పేరున బిల్లు, సంఘం గదికి తాళం, కిరాయి పుస్తకం ఒక స్త్రీ చేతిలో. నడపడం కనీసం ముగ్గురు స్త్రీలకు రావాలి. ఒక్కరికే వస్తే ఆమె పెళ్ళి అయి వెళ్ళిపోయిన రోజున మిషను ఎవరో తమ్ముడి చేతికి పోతుంది.

పక్కమాటగా, 2023 నవంబరులో కేంద్రం స్త్రీల సంఘాలకు పదిహేనువేల డ్రోన్లు ఇస్తామంది. లక్షల రూపాయల డ్రోనుకు ఎనభై శాతం సబ్సిడీ. ఒక జత తోలు తొడుగులకు ఏ పథకమూ లేదు. స్త్రీలకు సాంకేతికత వద్దని నేననడం లేదు. ఆకాశంలో ఎగిరే వస్తువు ఫొటోలో బాగా పడుతుంది.

జేసీబీ సంగతి. తొడ మందం మోళ్ళు వరసగా ఉన్న భూమిలో అది తప్పదు, దాన్ని వద్దనడం స్త్రీల నడుముల మీద మనం ఆదర్శం మోపడమే అవుతుంది. అయితే దాని బకెట్ పళ్ళతో మోళ్ళను ఒక్కొక్కటిగా పెకలించమనాలి, నేలను గీకనివ్వకూడదు. డ్రైవరుకు గీకడం సుళువు. ఎర్ర చల్క నేలల్లో పైమట్టి జానెడు ఉంటే ఎక్కువ. అది గట్టుకు నెట్టేస్తే మిగిలేది మొరం. తర్వాత మూడేళ్ళు పంట రాలేదని ఆమెనే అంటారు. గంటల లెక్క మిషనులో ఉండే మీటరు చూసి మొదలూ చివరా రాసుకోవాలి, ఆ వేళకు పొలంలో నిలబడేది సంఘం స్త్రీ అయి ఉండాలి. ట్రాక్టరు రోటవేటరు మోళ్ళున్నచోట పెట్టనే కూడదు, పవర్ వీడరు అసలే కాదు. అవి మోళ్ళు పోయిన తర్వాతి మాట.

కాని జేసీబీకి ఇంకో ముఖం ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం కూలీల పని తీసేసే యంత్రాలనూ, కాంట్రాక్టర్లనూ నిషేధించింది. పేదల బీళ్ళలో కంప తీసే పని ఆ పథకంలో పెద్ద ఎత్తున జరిగింది, మన రెండు రాష్ట్రాల్లోనూ పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవే. స్త్రీ పురుషులకు ఒకే రేటు. ఊళ్ళో కంప పనికి ఆడమనిషికి మగమనిషితో సమంగా డబ్బు కట్టింది అక్కడే. అందుకే రాత్రిపూట జేసీబీ పెట్టి, పగలు మస్టరు రాసుకున్న సంగతులు సామాజిక తనిఖీల్లో బయటపడ్డప్పుడు, అది అవినీతి మాత్రమేనని మనం సరిపెట్టుకోకూడదు. అక్కడ పోయింది స్త్రీల సమాన వేతనం. తన భూమి త్వరగా తేలాలనుకునే స్త్రీ ఒకరు, ఆ కంప కొట్టి కూలి తీసుకోవాల్సిన భూమిలేని స్త్రీ ఇంకొకరు. ఇద్దరూ ఒకే సంఘంలో ఉంటారు. ఈ తగాదాను సంఘంలో పెట్టి తేల్చుకోవాలి తప్ప, అది లేదని నటించకూడదు.

మందు కొట్టి చంపడం గురించి ఒక్క మాట. గ్లైఫోసేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం 2015లో కేన్సరు కారకం కావచ్చునన్న జాబితాలో చేర్చింది. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని తెగుళ్ళ నియంత్రణ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్ళలో మందు కలిపే నీళ్ళు మోసేది ఎవరో మనకు తెలుసు. నా సలహా, వద్దు. నిప్పు పెట్టడం అసలే వద్దు, మోడు చావదు, పక్క చేను అంటుకుంటే కేసు ఆమె మీద.

ఇక బొగ్గు కాంట్రాక్టరు. ఆయన వచ్చి, అమ్మా పైసా ఇవ్వక్కర్లేదు, కంపంతా నేనే కొట్టించుకుపోతాను అంటాడు. సంఘానికి ఇది వరంలా కనబడుతుంది. ఆయన నేల పైకి కొట్టి దుంగలు తీసుకుపోతాడు. మోళ్ళు మనకు మిగులుతాయి, మళ్ళీ నాలుగేళ్ళకు ఆయనే వస్తాడు. ఆయన తెచ్చే కూలీల్లో చాలామంది అడ్వాన్సు కింద కట్టుబడి, పిల్లాపాపలతో బట్టీ పక్కనే గుడిసెలు వేసుకుని బతికే కుటుంబాలు. మన స్త్రీల భూమి హక్కు ఇంకో స్త్రీ వెట్టి మీద నడవకూడదు. ఒప్పుకునేటట్టయితే కాగితం రాసుకోండి. మోళ్ళతో సహా తీయాలి, కూలీలకు రోజుకూలి మన కళ్ళెదుట ఇవ్వాలి, దుంగల ధరలో సంఘానికి వాటా ఉండాలి. ఈ షరతులు చెప్పగానే చాలామంది కాంట్రాక్టర్లు మళ్ళీ కనబడరు.

సర్కారు తుమ్మను తిట్టాను గాని, ఊళ్ళో పేద ఇళ్ళలో పొయ్యి మండుతున్నది దానివల్లనే. గ్యాసు కనెక్షను ఉన్నా సిలిండరు నింపుకోలేని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ బీడు తీస్తే ఆ ఆడవాళ్ళు ఇంకో రెండు కిలోమీటర్లు నడవాలి. ఎకరంలో ఒక మూల, గట్టు పక్కన, కొంత కంప వంటచెరకుకు వదలాలా వద్దా, వదిలితే కాయ రాకముందే కొమ్మ కొట్టుకునే బాధ్యత ఎవరిది అన్నది భూమి ఉన్న సభ్యులు, లేని సభ్యులు కలిసి నిర్ణయించాలి. ఒకచోట కాయకాలం ముందు మేకలు ఉన్న స్త్రీలను కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. మూడు సమావేశాలు పట్టింది. నాలుగో సమావేశానికి సర్పంచు భర్త కూడా వచ్చి కూర్చున్నాడు, ఆయన్ను పంపించడానికి ఇంకో అరగంట పట్టింది.

చివరగా డబ్బు. నిధులిచ్చే సంస్థలు మొదటి ఏడాది భూమి అభివృద్ధి అని ఒక పద్దు ఇచ్చి, ఎకరాలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతాయి. పిలకలు లేచేది రెండో ఏడు వానలకు. గింజలు మొలిచేది రెండో ఏడు, మూడో ఏడు, నాలుగో ఏడు. ఏటా తొలకరి తర్వాత ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, మోకాలెత్తు రాకముందే పిలకలు, మొక్కలు వేరుతో సహా తీయాలి. అప్పుడు ఎకరానికి నలుగురు స్త్రీలకు రెండు మూడు రోజుల పనే. ఒక్క ఏడు వదిలేస్తే మళ్ళీ గొడ్డలి. ఆ రోజుల కూలి మూడేళ్ళకూ బడ్జెట్లో వేరే పద్దుగా రాయించండి. రాయించకపోతే ఆ పని సంఘం స్త్రీల ఉచిత శ్రమ కిందికి వస్తుంది, రిపోర్టులో దానికి 'ప్రజల భాగస్వామ్యం' అని పేరు పెడతారు.

భోజనాలకు ఇంకా ఇరవై నిమిషాలుంది. బయట వేపచెట్టు కింద రెండు రకాల గడ్డపారలు, మూడు పిడి కొలతల గొడ్డళ్ళు, ఒక ఆరడుగుల పంగలకర్ర పెట్టించాను. బ్రష్ కట్టరు కూడా ఒకటి అరువు తెచ్చాం, దాన్లో పెట్రోలు పొయ్యలేదు. అందరూ ఒకసారి చేత్తో పట్టుకుని, బెల్టు తగిలించుకుని చూడండి. మీకేది సరిపోయిందో, ఏది సరిపోలేదో, మీ ఎత్తు ఎంతో అక్కడున్న కాగితం మీద రాసిపెట్టి లోపలికి రండి. మధ్యాహ్నం ఆ కాగితం పెట్టుకుని కమ్మరితో మాట్లాడదాం, ఆయన్ను మూడు గంటలకు రమ్మన్నాను.